నాగర్‌కర్నూల్ మీద 22 వేల అడుగులు

రాత్రి అన్నం తిని డాబా ఎక్కితే నాగర్‌కర్నూల్ ఆకాశంలో దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే దీపాలు కనిపిస్తాయి. ఇది కాకతాళీయం కాదు. బెంగళూరు విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు పటం మీద తిన్నగా గీత గీసి చూడండి. అది కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం మీదుగా వచ్చి, అలంపురానికి కాస్త తూర్పున తుంగభద్రనూ ఆ తర్వాత కృష్ణనూ దాటి, దాదాపు మన ఊరి నెత్తి మీదుగా పోతుంది. వనపర్తి వాళ్ళకు అది తూర్పున కనిపిస్తుంది. గద్వాల వాళ్ళకు ఇంకా దూరంగా, చుక్కల్లో చుక్కలా కనిపిస్తుంది.

ఒక రాత్రి పక్కింటి పిల్లవాడు అడిగాడు: "సార్, గా ఇమానం ఎంత ఎత్తుల పోతుంది?"

ఫోన్‌లో విమానాల జాడ చూపించే యాప్ తెరిస్తే జవాబు వెంటనే దొరుకుతుంది. నేను తెరవలేదు. కాగితం, పెన్సిల్ తెమ్మన్నాను. ఈ అధ్యాయమంతా ఆ రాత్రి మొదలుపెట్టిన లెక్కే.

పైలట్ల దగ్గర ఒక ముతక సూత్రం ఉంది. వెయ్యి అడుగులు దిగాలంటే మూడు నాటికల్ మైళ్ళ దూరం కావాలి. నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. ఈ సూత్రం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ప్రయాణికుల విమానాలు రన్‌వే వైపు దిగే వాలు ప్రపంచమంతటా దాదాపు 3 డిగ్రీలే. కిలోమీటరు ముందుకు పోతే 52 మీటర్లు కిందికి, నాటికల్ మైలు పోతే సుమారు 318 అడుగులు కిందికి. నోటిలెక్కకు వీలుగా ఉండాలని మూడు మైళ్ళకు వెయ్యి అంటారు. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తున ఉంది. నాగర్‌కర్నూల్ నుంచి అక్కడికి పక్షి ఎగిరే దూరం దాదాపు 85 కిలోమీటర్లు, అంటే 46 నాటికల్ మైళ్ళు. 46ను మూడుతో భాగిస్తే 15 వేల చిల్లర. దానికి 2 వేలు కలిపితే 17 వేల అడుగులు.

పిల్లవాడు సంతోషించాడు. లెక్క మాత్రం తప్పు.

ఎందుకంటే విమానం పక్షి కాదు, వచ్చిన దిక్కు నుంచే వాలడానికి. శంషాబాద్‌లో రెండు రన్‌వేలూ తూర్పు పడమరలుగా ఉన్నాయి. ఒకటి 4,260 మీటర్లు, రెండోది 3,707 మీటర్లు. రన్‌వేకు పెట్టే పేరు అది చూసే దిక్సూచి దిశలో చివరి సున్నా తీసేసిన అంకె. తూర్పు ముఖంగా దిగితే 09, పడమటి ముఖంగా దిగితే 27. పక్కపక్కనే రెండున్నాయి కాబట్టి కుడిదానికి ఆర్, ఎడమదానికి ఎల్. విమానం గాలికి ఎదురుగా దిగాలి. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి. అప్పుడు విమానాలు ఇబ్రహీంపట్నం వైపు నుంచి వచ్చి పడమరకు ముఖం పెట్టి దిగుతాయి. చలికాలం తూర్పు గాలిలో షాబాద్, చేవెళ్ల వైపు నుంచి వచ్చి తూర్పు ముఖంగా దిగుతాయి. దక్షిణం నుంచి వచ్చే మన విమానం ఎటైనా ఒక పక్కకు పోయి, రన్‌వేకు తిన్నగా ఓ పన్నెండు మైళ్ళ ముందు వరుసలోకి రావాలి. ఆ మలుపు కలుపుకుంటే నాగర్‌కర్నూల్ నుంచి దారి 46 మైళ్ళు కాదు, దాదాపు 60 మైళ్ళు. మూడుతో భాగిస్తే 20 వేలు. నేల ఎత్తు 2 వేలు. మొత్తం 22 వేల అడుగులు.

ఇదే లెక్కను వెనక్కి తిప్పితే ఇంకో ముచ్చట తెలుస్తుంది. 34, 35 వేల అడుగుల్లో వచ్చే విమానం దిగడం మొదలుపెట్టాల్సింది శంషాబాద్ దారిలో 100 మైళ్ళ ముందు. ఆ చోటు అలంపురం. జోగులాంబ గుడికి కాస్త తూర్పున, పది కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో పైలట్ ఇంజన్ల శక్తి తగ్గిస్తాడు. కింద ఎవరికీ తెలియదు. కంట్రోలర్లు దారి తిప్పవచ్చు, ముందే దించవచ్చు, పైనే ఆపవచ్చు. కాబట్టి రోజూ ఇవే అంకెలు రావు. కానీ లెక్క ఎముకల గూడు ఇదే.

రన్‌వేకు తిన్నగా రావాలని మనకు నక్షా చెప్పలేదు. ఊరి నక్షా చూసినా, జిల్లా పటం చూసినా ఈ సంగతి ఉండదు. అది చెప్పే కాగితం వేరే ఉంది. దాన్ని ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ చార్టు అంటారు. మబ్బులో, మంచులో, రాత్రిలో, బయట ఏమీ కనిపించనప్పుడు, పరికరాల సాయంతోనే రన్‌వే గడప దాకా రావడానికి రాసుకున్న దారిపత్రం అది. భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ మన దేశపు చార్టులను తన వెబ్‌సైటులో అందరికీ ఉచితంగా ఉంచుతుంది. ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపే సరదా ఉన్నవాళ్ళకు ఇంతకంటే మంచి వార్త లేదు. ఆట కొనాలి, జాయ్‌స్టిక్ కొనాలి. అసలు పాఠ్యపుస్తకం మాత్రం ఊరికే దొరుకుతుంది.

*

ఈ చార్టులు పుట్టింది ఒక పది సెంట్ల నోటుపుస్తకంలో. ఎల్రీ జెప్సన్ అమెరికాలో టపా విమానాలు నడిపేవాడు. 1930ల మొదట్లో, సాల్ట్ లేక్ సిటీ – షయెన్ దారిలో, కొండల మధ్య. సాటి పైలట్లు చచ్చిపోతుండటం చూశాడు. సెలవు రోజుల్లో ఎత్తుకొలత చేతబట్టుకుని గుట్టలెక్కాడు, పొగగొట్టాలెక్కాడు. ఏ మైదానం ఎంత పొడవు, ఏ గుట్ట ఎంత ఎత్తు, వాన పడుతుందేమో ఫోన్ చేసి అడగడానికి ఏ రైతు నంబరు పనికొస్తుంది, అన్నీ రాసుకున్నాడు. మిగతా పైలట్లు కాపీలు అడగడం మొదలుపెట్టారు. 1934లో పది డాలర్లకు అమ్మసాగాడు. ఇప్పటికీ పైలట్లు చార్టును ఆయన పేరుతోనే పిలుస్తారు.

అదే 1934లో అమెరికా సైన్యం టపా మోసే పని తలకెత్తుకుంది. పరికరాల మీద ఎగరడం నేర్వని పైలట్లు చలికాలపు వాతావరణంలో డజను మంది చనిపోయారు. అప్పుడు సైన్యానికి ఎడ్విన్ లింక్ గుర్తుకొచ్చాడు. లింక్‌ది ఆర్గన్ వాయిద్యాలు తయారుచేసే కుటుంబం. ఆర్గన్‌లో గాలి నింపే తోలుతిత్తులతోనే, నేల మీదే ఊగే ఒక బొమ్మ విమానాన్ని 1929 నాటికే చేసిపెట్టాడు. మన పౌరాణిక నాటకాల హార్మోనియంలో ఉండే తిత్తికి అది చుట్టమే. సంతల్లో పిల్లల బండిలా అణా కాసు వేసి ఎక్కే ఆటగానే చాలామంది చూశారు. సైన్యం ఆరు కొన్నది. ఇవాళ మన ఇళ్ళలో నడుస్తున్న సిమ్యులేటర్‌కు అది ముత్తాత. మైక్రోసాఫ్ట్ తన మొదటి ఫ్లైట్ సిమ్యులేటర్‌ను 1982లో తెచ్చింది. అంటే లింక్ ఆట విమానమూ జెప్సన్ అప్రోచ్ చార్టూ ఒకే కష్టంలోంచి, దాదాపు ఒకే ఏట చలామణీలోకి వచ్చాయి. రెండింటినీ కలిపి నేర్చుకోవడంలో వింతేమీ లేదు.

*

ఇక కాగితం చేతిలోకి తీసుకుందాం. శంషాబాద్ 09ఆర్ రన్‌వేకు ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాలతో దారి చూపే ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్) అప్రోచ్ అనుకోండి.

మొదటిసారి చూస్తే భయమేస్తుంది. గీతలు, బాణాలు, వృత్తాలు, చీమల్లాంటి అంకెలు. నేను మొదటి నెలంతా దాన్ని బొమ్మలా చూశాను. అదే నా తప్పు. గద్వాల మగ్గం దగ్గర కూర్చున్నప్పుడు ఆ తప్పు తెలిసింది. కోటకొమ్మ అంచుకు డిజైన్‌ను గళ్ళ కాగితం మీద గీస్తారు. మనం దాన్ని గోపురాల వరుసగా చూస్తాం. నేసే మనిషి అలా చూడడు. కింది వరుస నుంచి గడి గడిగా చదువుతాడు. ఏ పోగు లేవాలి, ఏది ఉండాలి. జకార్డు అట్టలకు చిల్లులు పడేది ఆ చదువు ప్రకారమే. చార్టు కూడా అలా వరుసగా చదివే కాగితం. పైనుంచి కిందికి.

అన్నిటికంటే పైన పేరు. ఏ ఊరు, ఏ రన్‌వే, ఏ పద్ధతి. ఒకే రన్‌వేకు రెండు మూడు చార్టులు ఉంటాయి కాబట్టి పేరు చివర జెడ్, వై అని అక్షరాలు తగిలిస్తారు. పేరు కింద ఫ్రీక్వెన్సీలు, ఎవరితో ఏ నంబరు మీద మాట్లాడాలో. ఆ తర్వాత రన్‌వే మధ్యగీతను సూదితో చూపే లోకలైజర్ ఫ్రీక్వెన్సీ, రన్‌వే దిశ, నేల ఎత్తు. ఇదంతా నిమిషం పని. కానీ సిమ్యులేటర్‌లో సగం మంది ఇక్కడే పడిపోతారు. పక్క రన్‌వే ఫ్రీక్వెన్సీ పెట్టుకుని, సూది కదలడం లేదేమని ఆటను తిడతారు.

మధ్యలో పెద్ద బొమ్మ. దాని కింద పొడుగాటి సన్నని బొమ్మ. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. అక్కడ చదివినవాళ్ళకు ఈ రెండూ ఏమిటో చెప్పనక్కర్లేదు. మొదటి సంవత్సరం డ్రాయింగ్ క్లాసులో నేర్పే ప్లాన్, ఎలివేషన్. పైనుంచి చూస్తే ఇల్లు ఎలా ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుంది. పెద్ద బొమ్మ దారిని పైనుంచి చూపిస్తుంది, ఎక్కడ మలుపు, ఎక్కడ గుట్ట, ఎక్కడ టవర్. సన్న బొమ్మ పక్కనుంచి చూపిస్తుంది, ఏ దూరంలో ఎంత ఎత్తు. ఒకదానిలోని చుక్కను రెండోదానిలో వెతికి పట్టుకోవడం వస్తే సగం చదువు అయినట్టే.

పెద్ద బొమ్మ మూలన ఒక వృత్తం ఉంటుంది. దాన్ని ముక్కలుగా కోసి ఒక్కో ముక్కలో ఒక అంకె రాస్తారు. సాధారణంగా 25 నాటికల్ మైళ్ళ లోపల, ఆ దిక్కున ఎంత ఎత్తైన అడ్డంకి ఉన్నా దానికి కనీసం వెయ్యి అడుగుల పైన ఉంచే ఎత్తు అది. దారి తప్పినా, పరికరం చెడినా ఆ ఎత్తు కింద పోవద్దు. మన వైపు ఆ వృత్తం షాద్‌నగర్ దాటి జడ్చర్ల చేరకముందే ముగిసిపోతుంది. అవతలి గుట్టల బాధ్యత ఆ కాగితానిది కాదు. ఈ ముక్కను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

*

ఇప్పుడు అసలు శాస్త్రం. మబ్బులో ఉన్న విమానానికి రన్‌వే మధ్యగీత ఎలా తెలుస్తుంది?

జాతరలో సన్నని వీధికి రెండు పక్కలా ఇద్దరు డప్పు కొడుతున్నారనుకోండి. కళ్ళకు గంతలు కట్టుకుని నడుస్తున్నారు. ఒకరి డప్పు మోత లావు, మరొకరిది సన్నం. రెండూ సమానంగా వినిపిస్తే మీరు వీధి మధ్యలో ఉన్నట్టు. లావు మోత పెరిగితే అటు జరిగినట్టు. ఐఎల్‌ఎస్ చేసే పని ఇదే. రన్‌వే అవతలి కొసన ఉండే లోకలైజర్ ఆంటెనా ఒకే రేడియో తరంగం మీద రెండు స్వరాలు ఎక్కించి పంపుతుంది. దిగి వచ్చే పైలట్‌కు ఎడమ పక్క 90 హెర్ట్జ్, కుడి పక్క 150 హెర్ట్జ్. రెండూ సమానమైతే సూది మధ్యలో నిలుస్తుంది. 90 ఎక్కువైతే ఎడమకు పోయారని అర్థం, సూది కుడికి రమ్మంటుంది. రన్‌వే పక్కన, గడప దాటి సుమారు 300 మీటర్ల లోపల నిలబడిన మరో ఆంటెనా ఇదే ఆటను నిలువుగా ఆడుతుంది, పైన 90, కింద 150. దాన్ని గ్లైడ్ స్లోప్ అంటారు. 3 డిగ్రీల వాలు ఆ రెండు స్వరాలు సమానమయ్యే చోటు, అంతకు మించి అక్కడ ఏమీ లేదు. ఆకాశంలో కిరణం, దారి అని మనం అనుకుంటాం గానీ, నిజానికి అక్కడున్నది ఒక సమతూకం.

సమతూకానికి ఒక చిక్కు ఉంది. ఆంటెనా తరంగాలు నేలకు తగిలి తిరిగి లేచి తమలో తాము కలబడతాయి. దానివల్ల అసలు వాలుకు రెండు మూడు రెట్లు నిటారుగా దొంగ వాలులు కూడా పుడతాయి. సూది అక్కడా మధ్యలో నిలబడవచ్చు. చార్టులో సన్న బొమ్మ చూడండి. విమానం ముందు ఒక సమమైన గీత మీద, ఎత్తు మారకుండా నడుస్తుంది. ఆ తర్వాతే వాలు గీత కలుస్తుంది. అంటే వాలును కింది నుంచి అందుకోవాలి. కింది నుంచి వచ్చేవాడికి మొదట తగిలేది అసలు వాలే. దొంగవన్నీ పైన ఉంటాయి. సిమ్యులేటర్‌లో ఆలస్యంగా దిగి, పైనుంచి వాలును పట్టుకోబోయి, ముక్కు కిందికి గుచ్చుకున్న విమానాలను నేను చాలా చూశాను. అందులో నావీ ఉన్నాయి.

సన్న బొమ్మలో వాలు మీద ఒక చుక్క దగ్గర దూరం, దాని పక్కన ఎత్తు రాసి ఉంటాయి. దూరం చెప్పేది డీఎంఈ. విమానం ఒక కూత పెడుతుంది, నేల మీది పెట్టె 50 మైక్రోసెకన్లు ఆగి బదులిస్తుంది. పోయిరావడానికి పట్టిన కాలం నుంచి దూరం కడతారు. మైలుకు 12 మైక్రోసెకన్ల చిల్లర. మరి గ్లైడ్ స్లోప్ సూది మధ్యలోనే ఉన్నప్పుడు ఈ అంకెలు ఎందుకు? చాలాకాలం నాకూ అర్థం కాలేదు. అర్థమైంది ఎత్తుకొలత దగ్గర దెబ్బ తిన్నాకే.

ఎత్తుకొలత నిజానికి ఎత్తును కొలవదు. గాలి బరువును కొలిచి, దాన్ని అడుగుల్లో చెబుతుంది. పైన ఎగిరేటప్పుడు అందరూ 1013 హెక్టోపాస్కల్స్ అనే ఒకే ప్రమాణం పెట్టుకుంటారు. దిగేటప్పుడు ఆ ఊరి గాలి బరువు, క్యూఎన్‌హెచ్ అడిగి మార్చుకోవాలి. వానాకాలంలో హైదరాబాద్‌లో అది 1013 కంటే తక్కువే. అల్పపీడనం రోజున 1003 అనుకుందాం. మార్చడం మరిచిపోయారు. ఒక్కో హెక్టోపాస్కల్‌కు దాదాపు 28 అడుగుల లెక్కన పదికి 280 అడుగుల తప్పు. ఆ తప్పు మంచి వైపు పడదు. మీరున్న ఎత్తుకంటే 280 అడుగులు ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది.

ఇప్పుడు చార్టు అడుగున ఉండే పట్టికకు రండి. దాన్ని మినిమా అంటారు. మామూలు ఐఎల్‌ఎస్‌కు నిర్ణయపు ఎత్తు రన్‌వే గడపకు 200 అడుగుల పైన. శంషాబాద్ లాంటి చోట సముద్రమట్టం నుంచి చెబితే 2,200 అడుగుల చిల్లర. కచ్చితమైన అంకె చార్టులోనే చూడండి. ఆ ఎత్తు రాగానే తల ఎత్తాలి. రన్‌వే గానీ దాని దీపాలు గానీ కనిపిస్తే దిగాలి. లేకపోతే పైకి లేవాలి. నిర్ణయానికి ఉన్నది 200 అడుగులు. మరిచిపోయిన క్యూఎన్‌హెచ్ తినేసేది 280. ఎత్తుకొలత "ఇంకా రాలేదు" అంటుండగానే చక్రాలు నేల తాకుతాయి.

అందుకే ఆ చుక్క దగ్గర అంకె రాశారు. రేడియో వాలుకు గాలి బరువుతో పని లేదు, అది నేలకు పాతుకుని ఉంది. సూది మధ్యలో ఉంది. డీఎంఈ చార్టులోని దూరమే చూపుతోంది. ఎత్తుకొలత మాత్రం రాసిన దానికంటే 280 ఎక్కువ చూపుతోంది. అంటే ముగ్గురు సాక్షుల్లో ఒకరు అబద్ధం చెబుతున్నారు. చుక్క దాటేటప్పుడు అంకెను గట్టిగా చదివి పోల్చుకుంటే పట్టుబడతారు. చదవకపోతే పట్టుబడరు. చార్టులో నాకు అన్నిటికంటే నచ్చిన అంకె అదే. ముద్రలో చిన్నది, ఎవరూ మెచ్చుకోనిది.

*

చార్టులో ఇంకొక వాక్యం ఉంది. మిస్డ్ అప్రోచ్. రన్‌వే కనిపించకపోతే ఎటు పోవాలి, ఎంత ఎత్తుకు ఎక్కాలి, ఎక్కడ తిరుగుతూ ఆగాలి. కొత్తవాళ్ళు దీన్ని చదవరు. దిగడానికి వచ్చాం కదా, మళ్ళీ ఎక్కడం ఎందుకు అనుకుంటారు. నేను మాత్రం చార్టులో ముందు చదవాల్సిన వాక్యం అదేనంటాను. దిగడం అనేది కళ్ళ ముందు రన్‌వే ఉన్నప్పుడు చేసే పని, అప్పుడు కాగితం అక్కర్లేదు. లేవడం అనేది ఏమీ కనిపించనప్పుడు, గుండె దడదడలాడుతున్నప్పుడు చేసే పని. ఆ క్షణంలో చీమ అక్షరాలు చదవలేం.

2010 మే 22 ఉదయం దుబాయ్ నుంచి మంగళూరుకు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం సంగతి చూడండి. గుట్ట మీద, బల్లలా చదును చేసిన రన్‌వే. ఐఎల్‌ఎస్ పనిచేస్తోంది. వెలుతురుంది. విమానం మాత్రం ఉండాల్సిన వాలుకు చాలా పైన ఉంది. కో-పైలట్ తిరిగి లేద్దామని మూడుసార్లు అన్నాడని విచారణలో తేలింది. కెప్టెన్ వినలేదు. 8 వేల అడుగుల రన్‌వేలో చక్రాలు తాకింది 5 వేల అడుగులు దాటాక. విమానంలో ఉన్న 166 మందిలో 158 మంది చనిపోయారు. అక్కడ అందరికీ చార్టు చదవడం వచ్చు. దూరానికీ ఎత్తుకూ లెక్క కుదరడం లేదని కాగితమూ, పక్క సీటూ, హెచ్చరిక గంటా చెబుతూనే ఉన్నాయి. ఆ ఒక్క వాక్యం వైపు పోవడానికి మనసు రాలేదు.

సిమ్యులేటర్‌లో ప్రాణం పోదు. దాని బలమూ అదే, బలహీనతా అదే. కూలినా మళ్ళీ మొదలుపెట్టవచ్చు కాబట్టి మనం మిస్డ్ అప్రోచ్ నేర్చుకోం. ఎలాగోలా దించేస్తాం. రన్‌వే మధ్యలో చక్రాలు ఆనించి, 4 కిలోమీటర్ల శంషాబాద్‌లో ఏమవుతుందిలే అనుకుంటాం. అదే అలవాటుతో ఓర్వకల్లులో దిగి చూడండి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన ఆ విమానాశ్రయం 2021 మార్చిలో తెరుచుకుంది. రన్‌వే 2,000 మీటర్లు. గద్వాలకు, వనపర్తికి ఆకాశదారిలో శంషాబాద్ కంటే అదే దగ్గర, రెండింటి నుంచీ దాదాపు 70 కిలోమీటర్లు. మన విమానమూ దాని మీదుగానే వచ్చింది కదా.

*

ఇంతకూ ఆట మొదలుపెట్టిన వాళ్ళందరూ చేసే ఒక పని ఉంది. సొంత ఊరికి పోవడం. నేనూ పోయాను. జూరాల మీద ఎగిరాను, గద్వాల కోట వెతికాను, బీచుపల్లి వంతెన పక్కన హైవే మీద దించబోయి చెట్లలోకి పోయాను. పట్టపగలు, ఎండలో, అది సరదా. ఆ తర్వాత ఆటలో మబ్బులు దించి నల్లమల వైపు తిరిగాను. అమ్రాబాద్ మీద, మన్ననూరు గట్ల మీద ఏమీ కనిపించలేదు. చార్టు కోసం చెయ్యి చాచాను. లేదు. ఉండదు కూడా. కొలిచిన రన్‌వే, కొలిచిన అడ్డంకులు, పరీక్షించిన దారి ఉన్నచోటికే అప్రోచ్ చార్టు ఉంటుంది. శంషాబాద్ వృత్తం జడ్చర్ల ఇవతలే ఆగిపోయిందని చెప్పాను కదా.

2009 సెప్టెంబర్ 2 ఉదయం బేగంపేట నుంచి బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ చిత్తూరు జిల్లాకు ఈ దక్షిణ దారినే పోయింది. అందులో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో కలిపి ఐదుగురు. చెడు వాతావరణంలో నల్లమల మీద జాడ తప్పింది. మర్నాడు ఉదయం పావురాలగుట్ట దగ్గర శకలాలు దొరికాయి. ఐదుగురూ మరణించారు. ఆ ప్రమాదానికి కారణాలు వేరు, వాటిని ఒక్క మాటకు కుదించడం సరికాదు. నేను చెప్పదలచింది కొండల మీద మబ్బు గురించి మాత్రమే. ఆ అడవి మీద ఎగిరేవాడికి చేతిలో దిగే కాగితం ఉండదు. ఉన్నది ఒక్కటే, ఎత్తు.

ఈ పరిస్థితి కొంత మారుతోంది. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి కట్టిన గగన్ వ్యవస్థ ఉపగ్రహాల జీపీఎస్ సంకేతాల్లోని తప్పును సరిదిద్ది మళ్ళీ ఉపగ్రహాల ద్వారానే పంపుతుంది. రన్‌వే పక్కన ఖరీదైన ఆంటెనాలు పాతకుండానే నిలువు దారి కూడా చూపగలదు. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఏటీఆర్ విమానం అలా దిగింది. పెద్ద ఊళ్ళ కంటే చిన్న ఊళ్ళకే ఇది ఎక్కువ అవసరం. దేవరకద్ర దగ్గర విమానాశ్రయం అనే మాట పాలమూరులో ఏళ్ళుగా వినిపిస్తూనే ఉంది. అది నిజంగా కట్టే రోజు వస్తే, దాని మొదటి అప్రోచ్ చార్టును నేను అచ్చు వేయించి గోడకు తగిలించుకుంటాను.

అప్పటిదాకా మీకు ఒక పని. సిమ్యులేటర్‌లో శంషాబాద్ 27ఎల్ రన్‌వేకు పన్నెండు మైళ్ళ తూర్పున, ఇబ్రహీంపట్నం వైపు విమానాన్ని నిలపండి. ఆటను ఆపి ఉంచండి. చార్టు తీసి పైనుంచి కిందికి గట్టిగా, తెలుగులోనే చదవండి, పక్కన ఇంకో పైలట్ కూర్చున్నట్టు. పేరు, ఫ్రీక్వెన్సీ, దిశ, చుక్క దగ్గరి ఎత్తు, మినిమా, మిస్డ్ అప్రోచ్. మబ్బుల్ని నేలదాకా దించండి. క్యూఎన్‌హెచ్ మార్చుకోండి. ఇప్పుడు ఆట మొదలుపెట్టి, నిర్ణయపు ఎత్తు దాకా వచ్చి, దిగకుండా లేచిపోండి. వరుసగా పదిసార్లు. పదకొండోసారి కావాలంటే దిగండి. మొదలుపెట్టే ముందు చార్టు మూలన ఉన్న తేదీ చూడండి. ప్రపంచమంతటా ఈ కాగితాలను 28 రోజులకోసారి సరిచూస్తారు, కొత్తవి గురువారం నుంచి అమలులోకి వస్తాయి.